కంటి చీటీలో, చెవి రిపోర్టులో ఉండే వైద్య పదాలను చదవడం ఎలా?

శుక్లం ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన మా అమ్మమ్మ డిశ్చార్జి కాగితం మీద ‘కుడి కన్ను: సూడోఫేకియా’ అని రాసి ఉంది. ఆ మాటను ఫోన్‌లో వెతికిన మా మేనమామకు ‘సూడో’ అంటే నకిలీ అన్న సంగతి ఒక్కటే అర్థమైంది. దాంతో ఆపరేషన్ ఏదో వికటించిందని, ఆసుపత్రివాళ్లు ఆ మాట నోటితో చెప్పలేక కాగితం మీద రాసి పంపేశారని ఆయన నమ్మాడు. నిజానికి సూడోఫేకియా జబ్బు పేరు కాదు. సహజమైన కటకాన్ని తీసేసిన చోట కృత్రిమ కటకం అమర్చి ఉందని చెప్పే మాట అది. ఆపరేషన్ జరగవలసినట్టే జరిగిందనడానికి ఆ పదమే సాక్ష్యం. రెండు రోజుల పాటు ఇంటిల్లిపాదీ పడ్డ ఆందోళనకు మూలం ఒక్క పదాన్ని విడదీసి చదవడం తెలియకపోవడమే.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పేరుతో పరీక్షలు మొదలైన తర్వాత ఊరూరా ఇలాంటి కాగితాలు చేతికి వచ్చాయి. వాటిని చదవగలిగిన వాళ్లు మాత్రం ఇంటికి ఒకరు కూడా ఉండరు. అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకువెళ్లే వాళ్ల కోసం, నర్సింగు, ఆప్టోమెట్రీ కోర్సుల్లో కొత్తగా చేరి ఈ పదాల బరువుకు బెదిరిపోతున్న విద్యార్థుల కోసం ఈ పద్ధతిని వరుసగా రాస్తున్నాను. ఇది చదివి మీరు వైద్యం చేయలేరు. కానీ వైద్యుడి ముందు కూర్చున్న ఆ కాసేపట్లో అడగవలసిన ప్రశ్నను సరిగ్గా అడగగలుగుతారు.

మొదటి మెట్టు: బాధను ముందు తెలుగులోనే కచ్చితంగా రాసుకోండి

వైద్య పదాల దగ్గరికి వెళ్లే ముందు మన మాటల సంగతి చూసుకోవాలి. ఎందుకంటే సగం పొరపాట్లు అక్కడే పుడతాయి. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అని మనం అంటాం. ఆ మాటలో కళ్లు ఉన్నా, చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరుగుతున్నట్టు అనిపించే బాధకు కారణం చాలాసార్లు లోపలి చెవిలో ఉంటుంది. దానిని వైద్యులు వెర్టైగో అంటారు. లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి తూలడం వేరు. అందువల్ల ‘గది తిరుగుతున్నట్టుందా, నేను తూలుతున్నట్టుందా, పక్క మీద ఒత్తిగిలినప్పుడు వస్తోందా, ఎంతసేపు ఉంటోంది’ అన్న నాలుగు సంగతులను మీ మాటల్లోనే రాసుకుని వెళ్లండి.

‘నీటికాసులు’ అన్న పేరు విన్నవాళ్లు అది కంట్లోంచి నీరు కారే జబ్బనుకుంటారు. గ్లకోమాకు మనం పెట్టుకున్న పేరు అది. ఆ జబ్బులో ఎక్కువమందికి నీరు కారదు, నొప్పి ఉండదు, చూపు చుట్టుపక్కల నుంచి చడీచప్పుడు లేకుండా కుంచించుకుపోతుంది. హైదరాబాదులో ఉర్దూ కలిసిన మాటల్లో శుక్లాన్ని మోతిబిందు అని, నీటికాసులను కాలా మోతియా అని అనడం వల్ల ఈ రెండూ ఒకే జబ్బులోని రెండు రకాలనుకునే వాళ్లు కూడా ఉన్నారు. ఇవి రెండు వేరు వేరు జబ్బులు. శుక్లం వల్ల పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు, మిగిలిన చూపును మాత్రమే కాపాడుకోగలం.

అలాగే ‘పొర వచ్చింది’, ‘పువ్వు వేసింది’ అన్న మాటలను కలపకండి. పొర అని మనం అనే శుక్లం కంటి మీద పరుచుకున్న పొర కాదు, కనుపాప వెనుక ఉండే కటకమే మసకబారడం. పువ్వు అనేది కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే కార్నియా మీద పడిన తెల్లని మచ్చ. బడి పుస్తకాల్లో కార్నియాను శుక్లపటలం అని రాయడం వల్ల శుక్లం, శుక్లపటలం ఒకే చోటివి అనిపిస్తాయి. శుక్లం కటకానికి వస్తుంది. శుక్లపటలం దానికన్నా ముందుండే భాగం పేరు. ఈ తేడాను నేను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది: ఒకదానికి కటకం మార్చాలి, మరొకదానికి కొన్నిసార్లు నేత్రదానం ద్వారా వచ్చిన కార్నియా కావాలి.

‘దగ్గరి చూపు’ అన్న మాటను అసలు వాడకండి. దగ్గరివి మాత్రమే కనబడతాయని ఒకరు, దగ్గరివి కనబడవని మరొకరు దానికి అర్థం చెప్పుకుంటారు. ‘బస్సు బోర్డు కనబడటం లేదు’, ‘సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను’ అని చెబితే ఎవరూ పొరబడరు. మొదటిది హ్రస్వదృష్టికి, అంటే మయోపియాకు, దగ్గరగా ఉంది. మనం సైటు అని అనేది ఎక్కువగా దీన్నే. రెండవది నలభై దాటినవారు చెబితే అది చత్వారం కావచ్చు. చత్వారమన్న మాటలోనే సంస్కృతంలోని నలభై ఉంది. వైద్యులు దాన్ని ప్రెస్బియోపియా అంటారు, అందులో ‘ప్రెస్బి’ అంటే ముసలితనం. నలభైకి ముసలితనం అంటగట్టిన గ్రీకు మాటకన్నా వయసును అంకెతో చెప్పిన మన మాటే న్యాయంగా ఉందని నాకనిపిస్తుంది.

రెండవ మెట్టు: కుడి ఏదో ఎడమ ఏదో తేల్చుకోండి

కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఆర్‌.ఈ. అని ఉంటే కుడి కన్ను, ఎల్‌.ఈ. అని ఉంటే ఎడమ కన్ను, బి.ఈ. అని ఉంటే రెండు కళ్లు. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనబడేవి ఇవే. కొందరు లాటిన్ సంక్షిప్తాలు వాడతారు: ఓ.డి. అంటే కుడి కన్ను, ఓ.ఎస్‌. అంటే ఎడమ కన్ను, ఓ.యు. అంటే రెండూ. ఇందులోని ‘ఓ’ కంటికి లాటిన్ పేరైన ఆక్యులస్. చెవికి వచ్చేసరికి ‘ఓ’ స్థానంలో ‘ఏ’ వస్తుంది, ఎందుకంటే చెవికి లాటిన్‌లో ఆరిస్ అని పేరు: ఏ.డి. కుడి చెవి, ఏ.ఎస్‌. ఎడమ చెవి, ఏ.యు. రెండు చెవులు.

ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. మన దేశంలో మందుల చీటీ మీద ఓ.డి. అంటే రోజుకు ఒకసారి అని అర్థం. బి.డి. రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్‌. మూడుసార్లు, క్యూ.ఐ.డి. నాలుగుసార్లు, హెచ్‌.ఎస్‌. పడుకునే ముందు, ఎస్‌.ఓ.ఎస్‌. అవసరమైతేనే. కాబట్టి కళ్లజోడు చీటీలో కుడి కన్నును సూచించిన ఓ.డి., చుక్కల మందు పేరు పక్కన కనబడితే రోజుకు ఒకసారి అని చెబుతూ ఉండవచ్చు. ఆ మందు ఏ కంటిలో వేయాలో, రోజుకు ఎన్నిసార్లు వేయాలో రెండూ విడివిడిగా అడిగి, ‘కుడి కన్ను, రోజుకు ఒకసారి, రాత్రి’ అని తెలుగులో పూర్తి మాటలతో చీటీ మీదే మీ చేత్తో రాసుకోండి. సంక్షిప్తాన్ని ఊహించి వదిలేయవద్దు.

మరొక సంగతి. కంటి బొమ్మలు గీసిన కాగితంలో కుడి కన్ను మీకు ఎడమ వైపున ఉంటుంది, ఎందుకంటే వైద్యుడు ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ గీస్తాడు. బొమ్మను బట్టి కాకుండా దాని మీది అక్షరాలను బట్టే కుడి ఎడమలు నిర్ణయించుకోండి.

మూడవ మెట్టు: పొడవైన పదాన్ని ముక్కలుగా విరిచి, చివరి నుంచి చదవండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే ఇది వస్తే మిగిలినవన్నీ వాటంతట అవే తేలికవుతాయి. వైద్య పదాలు మన సమాసాల వంటివే. ‘రాజకుమారుడు’ను రాజు యొక్క కుమారుడు అని విగ్రహవాక్యంగా విడదీసినట్టే వీటినీ విడదీయవచ్చు. చివరి ముక్క ఏం జరిగిందో చెబుతుంది, ముందు ముక్కలు ఎక్కడ జరిగిందో చెబుతాయి.

కంటి వార్డులో వినబడే అతి భయంకరమైన పదాన్నే ముందుగా తీసుకుందాం: డాక్రియోసిస్టోరైనోస్టమీ. డాక్రియో అంటే కన్నీరు. సిస్టో అంటే సంచి. రైనో అంటే ముక్కు. స్టమీ అంటే కొత్తగా ఒక ద్వారం ఏర్పరచడం. కన్నీటి సంచి నుంచి ముక్కులోకి దారి చేయడం అన్నమాట. ఏడ్చినప్పుడు ముక్కు కూడా కారుతుందని మనందరికీ తెలుసు. కన్నీరు కంటి మూలలో ఉన్న సన్నని గొట్టం గుండా ముక్కులోకి దిగుతుంది. ఆ గొట్టం మూసుకుపోయిన వారికి కంటి నుంచి ఎప్పుడూ నీరు కారుతుంది, మూలలో నొక్కితే చీము వస్తుంది. ఈ ఆపరేషన్ ఆ నీటికి మరో దారి చూపుతుంది. ఆసుపత్రిలో దీన్ని డి.సి.ఆర్‌. అని మూడు అక్షరాల్లో తేల్చేస్తారు. ఇరవై సెకన్లలో ఆ పదం ఎలా విడిపోయిందో చూశారు కదా, మిగిలినవన్నీ ఇంతకన్నా చిన్నవే.

ముందు ముక్కల్లో కంటికి సంబంధించినవి ఇవి గుర్తుంచుకోండి. ఆఫ్తాల్మో, ఆక్యులో రెండూ కన్నే. మొదటిది గ్రీకు, రెండవది లాటిన్. బ్లెఫరో అంటే రెప్ప, కాబట్టి బ్లెఫరైటిస్ రెప్పల అంచుల వాపు. కెరాటో అంటే కార్నియా, కాబట్టి కెరటైటిస్ కార్నియా వాపు, కెరాటోప్లాస్టీ కార్నియా మార్పిడి. ఇరిడో అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం. రెటినో అంటే కంటి వెనుక గోడకున్న నేత్రపటలం. ఫేకో అంటే కటకం. గ్రీకులో ‘ఫేకోస్’ అంటే మిసూరు పప్పు గింజ. కంటి కటకం ఆ గింజ ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. లెన్స్ అన్న లాటిన్ మాటకు కూడా ఆ గింజే మూలం. మన పల్లెల్లో సైతం అందరికీ తెలిసిన ‘ఫేకో ఆపరేషన్’, అంటే ఫేకోఎమల్సిఫికేషన్, మసకబారిన కటకాన్ని అతిధ్వని తరంగాలతో పొడి చేసి పీల్చేసే పద్ధతి. అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ 1967లో దాన్ని ప్రవేశపెట్టాడు. ఇప్పుడు మా అమ్మమ్మ కాగితాన్ని మళ్లీ చదవండి. సూడో అంటే కృత్రిమమైనది, ఫేకియా అంటే కటకం ఉన్న స్థితి. అఫేకియా అని ఉంటే కటకమే లేని స్థితి. కృత్రిమ కటకం అమర్చడం సాధ్యం కానప్పుడు ఆ మాట రాస్తారు. ముందున్న ఒక్క ‘అ’ ఎంత తేడా తెస్తుందో గమనించండి. అభావం, అశాంతి వంటి మాటల్లో మన ‘అ’ చేసే పనే అదీ చేస్తోంది.

చెవి ముక్కలు తక్కువే. ఓటో అంటే చెవి. టింపానో, మిరింగో రెండూ కర్ణభేరి. కాక్లియో అంటే నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి చెవి భాగం, బడి పుస్తకాల్లోని కర్ణావర్తం. ఆడియో, అక్యూసిస్ అంటే వినికిడి.

చివరి ముక్కలను ఈ విధంగా పట్టుకోండి. ఐటిస్ ఉంటే వాపు: ఓటైటిస్, ఇరైటిస్, కంజంక్టివైటిస్. చివరిది మన కండ్లకలకే. ఆల్జియా అంటే నొప్పి, కాబట్టి ఓటాల్జియా చెవిపోటు. ర్రియా అంటే కారడం, కాబట్టి ఓటోర్రియా చెవిలోంచి చీము కారడం. ఓపియా అంటే చూపు స్థితి: మయోపియా, డిప్లోపియా, అంటే ఒకటి రెండుగా కనబడటం. మెట్రీ అంటే కొలవడం, స్కోపీ అంటే పరికరంతో చూడటం. టమీ, ఎక్టమీ, స్టమీ, ప్లాస్టీ అన్న నాలుగింటినీ కలిపి నేర్చుకోవాలి: కోయడం, తీసేయడం, దారి చేయడం, బాగుచేయడం. మిరింగాటమీ అంటే కర్ణభేరి వెనుక పేరుకున్న ద్రవం బయటికి రావడానికి ఆ కర్ణభేరికి చిన్న గాటు పెట్టడం. మిరింగోప్లాస్టీ అంటే రంధ్రం పడిన కర్ణభేరిని పూడ్చడం. ఒకటి రంధ్రం చేస్తుంది, మరొకటి రంధ్రం మూస్తుంది. రెండు పేర్లు దాదాపు ఒకేలా వినబడతాయి కనుక పిల్లల కోసం సంతకం పెట్టే ముందు ఏదో సరిచూసుకోండి.

పోలికల వల్ల మోసపోయే జంటలు మరికొన్ని ఉన్నాయి. మయోపియా చూపు లోపం, మయోసిస్ కనుపాప చిన్నదవడం. ఎన్‌ట్రోపియన్‌లో రెప్ప లోపలికి ముడుచుకుని వెంట్రుకలు కంటికి గుచ్చుకుంటాయి, ఎక్‌ట్రోపియన్‌లో బయటికి వాలుతుంది. ఈసోట్రోపియా మెల్లకన్ను లోపలికి తిరగడం, ఎక్సోట్రోపియా బయటికి తిరగడం. అంబ్లియోపియాను మెల్లకన్ను అనుకోకండి. కన్ను బాగానే ఉన్నా చిన్నతనంలో మెదడు ఆ కంటి చూపును నేర్చుకోకపోవడం అది. మెల్లకన్ను దానికి ఒక కారణం మాత్రమే. పిల్లవాడి కాగితం మీద ఆ మాట కనబడితే ఆలస్యం చేయకండి, ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ దాన్ని సరిదిద్దడం కష్టమవుతుంది.

నాలుగవ మెట్టు: కళ్లజోడు చీటీని గడి గడిగా చదవండి

చీటీలో ఒక్కో కంటికి మూడు గడులు ఉంటాయి: స్ఫియర్, సిలిండర్, యాక్సిస్. కింద యాడ్ అని మరొకటి ఉండవచ్చు. ఒక చీటీలో కుడి కంటికి స్ఫియర్ −2.00, సిలిండర్ −0.75, యాక్సిస్ 90, యాడ్ +2.00 అని ఉందనుకోండి.

మైనస్ గుర్తు హ్రస్వదృష్టిని, ప్లస్ గుర్తు దీర్ఘదృష్టిని, అంటే దగ్గరివి సరిగ్గా కనబడని లోపాన్ని, చెబుతాయి. అంకెను డయాప్టర్లలో కొలుస్తారు, దానికొక తేలిక లెక్క ఉంది: మైనస్ అంకెతో 100ను భాగిస్తే, అద్దాలు లేకుండా ఎన్ని సెంటీమీటర్ల దాకా స్పష్టంగా కనబడుతుందో వస్తుంది. −2.00 ఉన్నవారికి 50 సెంటీమీటర్లు, −4.00 ఉన్నవారికి 25. ‘పిల్లకు నంబరు నాలుగు’ అని విని ఊరుకునే తండ్రికి, ఆ పిల్లకు జానెడు దాటితే అన్నీ మసకగా కనబడుతున్నాయని ఈ లెక్క చెబుతుంది.

సిలిండర్ అంకె ఆస్టిగ్మాటిజాన్ని, అంటే కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడాన్ని తెలుపుతుంది; యాక్సిస్ ఆ వంపు ఏ కోణంలో ఉందో 1 నుంచి 180 వరకు ఉన్న అంకెతో చెబుతుంది. యాక్సిస్ 90 అని చూసి నంబరు తొంభైకి పెరిగిందని కంగారు పడకండి, అది కోణమే. యాడ్ అనేది చత్వారం కోసం దూరపు నంబరుకు కలపవలసినది: −2.00కు +2.00 కలిపితే సున్నా, అంటే ఈ మనిషి కళ్లజోడు తీసేసి పేపరు చదువుకోవచ్చు, చిన్న సిలిండర్ లోపం మాత్రం మిగిలి ఉంటుంది. దూరానికి అద్దాలు వాడే పెద్దవారు వాటిని నుదుటి మీదికి నెట్టి పేపరు చదవడం వెనుక ఉన్నది ఈ కూడికే.

ఐదవ మెట్టు: కంటి పరీక్ష కాగితంలోని భిన్నాలను, కొలతలను గుర్తించండి

6/6, 6/18, 6/60 అన్నవి 1862లో డచ్ వైద్యుడు హెర్మన్ స్నెలెన్ తయారుచేసిన అక్షరాల పట్టిక నుంచి వచ్చిన కొలతలు. పై అంకె మీరు నిలబడిన దూరం, మీటర్లలో. కింది అంకె, ఆ అక్షరాన్ని ఆరోగ్యమైన కన్ను ఎంత దూరం నుంచి చదవగలదో ఆ దూరం. 6/60 అంటే మిగిలినవారు 60 మీటర్ల నుంచి చదివేదాన్ని ఈ మనిషి 6 మీటర్ల దగ్గరికి వస్తే తప్ప చదవలేరని అర్థం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ పరీక్ష చేయించుకున్న పెద్దలకు 20/20, 20/40 అని కనబడుతుంది. అది అడుగుల లెక్క, 20/40 అంటే మన 6/12. మన దేశంలో అంధత్వానికి ఇదివరకు మెరుగైన కంటిలో 6/60 కంటే తక్కువ చూపును గీటురాయిగా పెట్టుకున్నారు. 2017లో దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పాటించే 3/60కు మార్చారు.

పట్టికలోని పై అక్షరం కూడా కనబడకపోతే అంకెల బదులు అక్షరాలు రాస్తారు. సి.ఎఫ్‌. అంటే కంటి ముందు పెట్టిన వేళ్లను లెక్కపెట్టగలగడం, హెచ్‌.ఎం. అంటే చెయ్యి ఊపితే గుర్తించగలగడం, పి.ఎల్‌. అంటే వెలుతురు తెలియడం. ఎన్‌6, ఎన్‌8 అన్నవి దగ్గరి అక్షరాల పరిమాణాలు; ఎన్‌6 చదవగలిగితే మామూలు పుస్తకం చదవగలరు.

ఐ.ఓ.పి. అన్నది కంటి లోపలి ఒత్తిడి. సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. దానితో చేతికి పట్టీ కట్టి చూసే రక్తపోటును ముడిపెట్టకండి. ఒత్తిడి ఈ హద్దుల్లోనే ఉన్నా నీటికాసులు ఉండే వాళ్లున్నారు, అందుకే వైద్యుడు దృష్టి నాడి మొదలును కూడా చూసి సి.డి.ఆర్‌. అని రాస్తాడు. అది నాడి చక్రంలో మధ్య గుంట ఎంత భాగమో చెప్పే నిష్పత్తి. 0.3 చాలామందిలో ఉండేదే. 0.7 అనో, ఒక కంటిలో 0.3, మరో కంటిలో 0.6 అనో ఉంటే ‘నీటికాసుల అనుమానం ఉందా, పెరిమెట్రీ చేయాలా’ అని మీరే అడగండి. పెరిమెట్రీ చూపు విస్తీర్ణాన్ని కొలిచే పరీక్ష.

షుగర్ ఉన్నవారి కాగితంలో ఎన్‌.పి.డి.ఆర్‌. అని ఉంటే షుగర్ వల్ల నేత్రపటలం దెబ్బతినడం మొదలైందనీ, ముందున్న ఎన్‌ లేకుండా పి.డి.ఆర్‌. అని ఉంటే అక్కడ బలహీనమైన కొత్త రక్తనాళాలు మొలిచే దశకు చేరిందనీ అర్థం. ఒక్క అక్షరం లేకపోవడం మంచి వార్తలా కనిపిస్తుంది, కానీ ఇక్కడ అది జబ్బు ముదిరిందని చెబుతుంది. మాక్యులా అన్న మాట ఎక్కడ కనబడినా శ్రద్ధగా చూడండి. అది నేత్రపటలంలోని పచ్చచుక్క, చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ ఆధారం. శుక్లం తీసిన కొన్ని నెలలకో ఏళ్లకో పి.సి.ఓ. అని రాస్తే, కృత్రిమ కటకాన్ని పట్టి ఉంచే సంచి వెనుక గోడ మసకబారిందని అర్థం. దాన్నే మనవాళ్లు ‘పొర మళ్లీ వచ్చింది’ అంటారు. దానికి మళ్లీ ఆపరేషన్ అక్కరలేదు, యాగ్ లేజర్ సరిపోతుంది.

ఆరవ మెట్టు: చెవి రిపోర్టును పైనుంచి కిందికి చదవండి

చెవిని వెలుపలి, మధ్య, లోపలి చెవులుగా మనసులో గీసుకోండి. వెలుపలి చెవి కర్ణభేరి దాకా. గులిమి పేరుకునేది అక్కడే. మధ్య చెవిలో మూడు చిన్న ఎముకలు ఉంటాయి. మన బడి పుస్తకాలు వాటికి కూటకం, దాగలి, అంకవన్నె అని పేర్లు పెట్టాయి. కమ్మరి కొలిమిలో సుత్తి దెబ్బ తినేది దాగలి, గుర్రం జీనుకు కాలు పెట్టుకోవడానికి వేలాడేది అంకవన్నె. వైద్యులు చెప్పే మాలియస్, ఇంకస్, స్టేపిస్ కూడా లాటిన్‌లో సుత్తి, దాగలి, అంకవన్నెలే. సుమారు 3 మిల్లీమీటర్లుండే అంకవన్నె ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక. లోపలి చెవిలో వినికిడికి కర్ణావర్తం, ఒళ్లు తూలకుండా నిలిపే తూకానికి అర్ధవర్తుల కుల్యలు, అంటే అరవృత్తాకారపు సన్నని గొట్టాలు, ఉంటాయి.

ఈ మూడు గదుల బొమ్మ ఉంటే రిపోర్టు తేలిక. కండక్టివ్ వినికిడి లోపం అని ఉంటే శబ్దం లోపలికి చేరే దారిలో, అంటే మొదటి రెండు గదుల్లో అడ్డు ఉంది. సెన్సరీన్యూరల్ అని ఉంటే కర్ణావర్తంలోనో నాడిలోనో లోపం ఉంది. మిక్స్‌డ్ అంటే రెండూ. ఆడియోగ్రామ్ గీత కాగితంలో ఎర్రని సున్నాలు కుడి చెవివి, నీలి రంగు గుణకారపు గుర్తులు ఎడమ చెవివి. ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ బొంగురు శబ్దం కీచు శబ్దమవుతుంది. పైనుంచి కిందికి దిగేకొద్దీ శబ్దం పెద్దదవుతుంది. అందువల్ల గీత ఎంత కిందికి ఉంటే వినికిడి అంత తగ్గినట్టు, బడి మార్కుల కాగితంలా చదవకండి. 55 డెసిబెల్స్ అని ఉంటే 55 శాతం చెవుడు అని కాదు, అంత పెద్ద శబ్దమైతే తప్ప వినబడటం లేదని అర్థం.

పెద్దవారి గీత తరచు కుడి వైపున జారిపోతుంది. అది ప్రెస్బిఅక్యూసిస్, వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల. కీచు ధ్వనులు ముందుగా పోతాయి కనుక స, శ, ష వంటి అక్షరాలు వినబడవు. అందుకే తాతగారికి మీ గొంతు వినబడుతుంది, మాట తెలియదు. ఆయన ‘వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు’ అంటే మొండికేస్తున్నారని అనుకోకండి. గట్టిగా అరవడం మాని, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడండి.

సి.ఎస్‌.ఓ.ఎం. అంటే మధ్య చెవిలో దీర్ఘకాలంగా చీము ఉండటం. దాని పక్కన అన్‌సేఫ్ అనో, ఆటికోఆంట్రల్ అనో ఉంటే అది ఎముకను తినే రకం కావచ్చు, వాయిదా వేయకండి. టిన్నిటస్ చెవిలో హోరు. బి.పి.పి.వి. అన్న మాటలో బి.పి. వినబడి రక్తపోటు మాత్రలు గుర్తుచేసుకుంటారు చాలామంది. దానికీ రక్తపోటుకూ సంబంధం లేదు. లోపలి చెవిలోని సన్నని కాల్షియం రేణువులు చోటు తప్పి అర్ధవర్తుల కుల్యల్లోకి జారడం వల్ల, తల తిప్పినప్పుడు కొద్ది సెకన్ల పాటు లోకం తిరిగినట్టనిపించడం అది. తలను వరుసగా కొన్ని కోణాల్లో తిప్పి వైద్యుడు ఆ రేణువులను తిరిగి చోటికి పంపుతాడు, ఆ పద్ధతి పేరు ఎప్లీ.

ఒక రోజులోనో రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే, కంటి ముందు మెరుపులు వచ్చి ఒక మూల నుంచి తెర దించినట్టు నల్లబడితే, ఈ పదాలేవీ వెతుకుతూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో సున్నమో యాసిడో పడితే ముందు ధారాళంగా నీళ్లతో కడుగుతూ, ఆ తర్వాత బయలుదేరండి.

ఏడవ మెట్టు: ముక్కు, నాలుక

మన పంచేంద్రియాల్లో చర్మం ఉంది. వైద్య శాస్త్రంలో ప్రత్యేక ఇంద్రియాల జాబితాలో స్పర్శ ఉండదు, దాని బదులు తూకం ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఈ తేడా చూసి విద్యార్థులు తికమకపడవద్దు. ఆస్మియా అంటే వాసన, గ్యూసియా అంటే రుచి. 2020లో ప్రతి ఇంట్లో వినబడిన అనోస్మియా వాసన పూర్తిగా పోవడం, హైపోస్మియా తగ్గడం, ఏగ్యూసియా రుచి పోవడం. పేర్ల సంగతి ఇంతే.

ఎనిమిదవ మెట్టు: చుక్కల సీసా మీది పేరును చదవండి

సీసా మీద ఆఫ్తాల్మిక్ అని ఉంటే కంటికి, ఓటిక్ అని ఉంటే చెవికి. రెండు పదాల్లోనూ మొదటి అక్షరం ‘ఓ’ కావడం వల్ల తొందరలో చేయి పొరబడుతుంది. వైద్యుడు చెబితే కంటి చుక్కలను చెవిలో వేయవచ్చు గానీ, చెవి చుక్కలను ఎన్నడూ కంట్లో వేయకూడదు.

మందు అసలు పేరు చివరి ముక్క కూడా మీతో మాట్లాడుతుంది. ఫ్లాక్ససిన్‌తో ముగిస్తే సూక్ష్మక్రిములను చంపే మందు. ప్రాస్ట్‌తో ముగిసే లాటానోప్రాస్ట్, బైమాటోప్రాస్ట్ నీటికాసులకు. టిమొలాల్ కూడా నీటికాసులకే, కానీ ఆయాసం, ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదం తేవచ్చు. కంటి చుక్కే కదా అని ఆ సంగతి దాచకుండా వైద్యుడికి ముందే చెప్పండి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్, ఫ్లోరోమెథొలోన్ స్టెరాయిడ్లు. ఎరుపు తగ్గిందని ఇవి నెలల తరబడి సొంతంగా కొని వాడితే కంటి ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం త్వరగా వస్తుంది. పక్కింటివాళ్లు మిగిలిన సీసా ఇస్తే ముందు దాని మీది మందు పేరు చదివి, అందులో ఈ మూడు పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి.

రెండు రకాల చుక్కలు రాసి ఉంటే ఒకటి వేసిన తర్వాత కనీసం 5 నిమిషాలు ఆగి రెండోది వేయండి. సీసా మూత విప్పిన రోజే దాని మీద పెన్నుతో మూడు సంగతులు రాయండి: ఏ కన్ను, రోజుకు ఎన్నిసార్లు, విప్పిన తేదీ. సాధారణంగా నాలుగు వారాలు దాటితే, అందులో మందు ఇంకా మిగిలి ఉన్నా సరే, పారేయండి.